పరీక్ష మానిపించొద్దు, దిద్దిన పేపరు చూపించమని అడగండి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: చిత్తూరు జిల్లాలో బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లె. పాప ఎంపీపీ (మండల పరిషత్ ప్రాథమిక) స్కూల్లో నాలుగో తరగతి. రాష్ట్రమంతా ఒకే సిలబస్, ఒకే పేపరు, ఒకే రోజు పరీక్ష. పరీక్ష ముందు రోజు రాత్రి పాప అన్నం తినదు, కడుపునొప్పి అంటుంది. ఊళ్ళో ఇరవై మంది దాకా తల్లిదండ్రులు సంతకాలు పెట్టి, వచ్చే ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్ పరీక్ష) రోజు పిల్లలను బడికి పంపకూడదని అనుకుంటున్నారు. అమెరికాలో ఉన్న బావగారు, అక్కడ తల్లిదండ్రులు పిల్లల చేత ఇలాంటి పరీక్షలు రాయించకుండా ఆపేస్తారని చెప్పారట. "మేమూ అలా చేయొచ్చా మేడమ్? చేస్తే తల్లికి వందనం డబ్బు ఆగిపోతుందా? టీచరు పాప మీద కోపం పెట్టుకుంటారా?"

ముందు డబ్బు సంగతి. సంతకాల దగ్గర చాలామంది వెనక్కి తగ్గేది అక్కడే కాబట్టి అదే మొదట చెప్పేస్తున్నాను. తల్లికి వందనం అంటే బడికి పోయే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు. దానికి చూసేది హాజరు, 75 శాతం. ఎఫ్‌ఏలో వచ్చిన మార్కులకూ దానికీ సంబంధం లేదు. ఒక్క రోజు మానినంత మాత్రాన డబ్బు పోదు. టీచరు కోపం విషయంలో మాత్రం నేను హామీ ఇవ్వలేను. ముప్పై మూడేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని, మాకూ కోపాలు వస్తాయి. 1990లో సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరి, హైస్కూల్ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. సర్వీసంతా ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే గడిచింది.

అయినా పరీక్ష రోజు పిల్లలను ఆపొద్దనే చెబుతాను. ఇది ప్రభుత్వం తరఫున చెప్పే మాట కాదు. ఆపితే ఏం జరుగుతుందో తెలిసి చెప్తున్నాను. ఆ రోజు ఆబ్సెంట్ పడుతుంది. మర్నాడో ఆ మర్నాడో టీచరు పిల్లలను కూర్చోబెట్టి అదే పేపరు రాయిస్తారు. లేదంటే తామే ఏదో ఒక మార్కు వేసి ఆన్‌లైన్లో ఎక్కించేస్తారు, ఎందుకంటే గడి ఖాళీగా ఉంటే పైనుంచి ఫోన్ వస్తుంది. మీ ఇరవై మంది కోపం ఆ గడి దాటి పైకి పోదు.

బావగారు చెప్పింది అబద్ధం కాదు. 2015లో న్యూయార్క్ రాష్ట్రంలో మూడు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల్లో సుమారు ఐదో వంతు మంది రాష్ట్ర పరీక్షలు రాయలేదు. తల్లిదండ్రులే రాయించలేదు. కాకపోతే అక్కడి లెక్క వేరు. ఆ మార్కులను టీచర్ల పనితీరుకు ముడిపెట్టారు కాబట్టి టీచర్ల సంఘమే తల్లిదండ్రుల పక్కన నిలబడింది. పైగా 95 శాతం మంది పిల్లలు రాయాలని అక్కడ కేంద్ర చట్టంలో ఉంది. ఆ అంకె కిందికి పడితే తలనొప్పి రాష్ట్రానికి. ఆ ఏడు చివర్లో టీచర్ల లెక్కలోకి ఆ మార్కులు తీసుకోవడం కొన్నేళ్ళపాటు ఆపేశారు కూడా. అంటే పిల్లలు రాయకపోతే పైవాళ్ళకు నొప్పి తెలిసే ఏర్పాటు అక్కడుంది. మన ఎఫ్‌ఏకి అలాంటిదేమీ లేదు. మీ పాప రాయకపోతే, పాపకు ఏం రాదో తెలుసుకునే ఒక అవకాశం మీకే పోతుంది.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఏం నేర్పాలి, నేర్చుకున్నది ఎలా చూడాలి అన్నది ప్రభుత్వం పెట్టిన విద్యాసంస్థ నిర్ణయిస్తుందని అందులో సెక్షన్ 29 చెబుతుంది. మనకు అది ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి). కాబట్టి ఊరి కమిటీ కూర్చుని ఈ పాఠం వద్దు, ఈ పరీక్ష వద్దు అని తీర్మానం చేస్తే అది కాగితం మీదే ఉంటుంది. కానీ పిల్లలు భయం, ఆందోళన లేకుండా చదువుకోవాలని, మూల్యాంకనం నిరంతరం సమగ్రంగా ఉండాలని, వీలైనంతవరకు ఇంటి భాషలో చెప్పాలని ఉన్నది కూడా ఆ సెక్షన్లోనే. మీ పాప కడుపునొప్పికి చట్టంలో చోటుందన్నమాట. సెక్షన్ 30 ప్రకారం ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఏ పిల్లా బోర్డు పరీక్ష పాస్ కావాలన్న నిబంధన లేదు. వచ్చే ఏడు ఐదో తరగతి కదా, ఫెయిల్ చేస్తారట అని ఎవరో ఒకరు మిమ్మల్ని భయపెడతారు. 2019 సవరణ తర్వాత ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టి, తప్పినవాళ్ళకు రెండు నెలల్లోపు ఇంకో అవకాశం ఇచ్చి, అప్పటికీ తప్పితే ఆపాలా వద్దా అన్నది ప్రభుత్వాల ఇష్టానికి వదిలారు. అది వార్షిక పరీక్ష సంగతి. ఇప్పుడు మీరు ఆపాలనుకుంటున్న ఎఫ్‌ఏకీ దానికీ సంబంధం లేదు.

ఇక మీరు కోపం తెచ్చుకున్న అసలు విషయం, అందరికీ ఒకే పేపరు. ఇందులో మీరు సగం కరెక్టు. ఆ సగం నా కళ్ళారా చూశాను.

కొన్నేళ్ళ కిందట కుప్పం వైపు ఒక స్కూల్ కాంప్లెక్సులో (చుట్టుపక్కల బళ్ళన్నీ కలిపిన గుంపు) ఈ బడి పేపర్లు ఆ బడి టీచర్లతో మార్చి దిద్దించాం. మూడో తరగతి పరిసరాల విజ్ఞానం. "నేల లోపల పెరిగే కూరగాయలు రెండు రాయండి" అని ప్రశ్న. ఒక పిల్లోడు గుండ్రటి చేతిరాతతో "ఉర్లగడ్డ, ఎర్రగడ్డ" అని రాశాడు. మా వైపు ఉర్లగడ్డ అంటే బంగాళాదుంప, ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. దిద్దేవాళ్ళకిచ్చిన జవాబుల కీలో బంగాళాదుంప, క్యారట్ అని ఉంది. దిద్దిన అమ్మాయి కృష్ణా జిల్లా నుంచి డీఎస్సీలో నాన్‌లోకల్‌గా మా వైపు వచ్చి నాలుగు నెలలు. రెండింటికీ అడ్డంగా కొట్టేసింది. పిలిచి అడిగితే, "ఉర్లగడ్డ అంటే ఏదో గడ్డి అనుకున్నానండీ. ఎర్రగడ్డేమో హైదరాబాద్‌లో ఆస్పత్రి ఉన్న చోటు కదండీ?" అంది. అందరం నవ్వాం. ఆ పిల్లోడికి మాత్రం ఆ రోజు దక్కింది సున్నా. చెనిక్కాయ అని రాస్తే తప్పు, వేరుశనగ అంటే ఒప్పు. ఎనుము తప్పు, గేదె ఒప్పు. కుప్పం, నగరి, సత్యవేడు వైపు ఇంట్లో అరవం మాట్లాడే పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు, వాళ్ళకు ప్రశ్నలో సగం పదాలే కొత్త. రాష్ట్రానికంతా ఒక పేపరు వేసేవాళ్ళు ఎక్కడో ఒకచోట కూర్చునే వేస్తారు. వాళ్ళ ఇంట్లో మాట్లాడే తెలుగే ప్రశ్నలోకి వస్తుంది.

అలాగని ఆ ఒక్క పేపరు చూపించి కామన్ పరీక్షే తప్పని అనను. పేపరు మాకు మేమే వేసుకున్న రోజులు కూడా చూశాను కాబట్టి. ఇది చెప్పుకోవడానికి కాస్త సిగ్గే. నేను ఐదో తరగతికి లెక్కలు చెబుతున్నప్పుడు పాఠం నాది, పేపరు నాది, దిద్దింది నేనే. క్లాసులో 31 మంది. తీసివేతలో ఫెయిలైన వాడే లేడు. ఆ పైఏడు మొదట్లో బయటి నుంచి ఒక చిన్న పరీక్ష వచ్చింది, నాలుగు లెక్కలు, అంతే. అందులో ఒకటి 402లోంచి 167 తీసేయాలి. 13 మంది 365 అని రాశారు. ఒక్కరు కాదు, ఇద్దరు కాదు, పదమూడు మంది అచ్చంగా అదే అంకె. కాపీ కొట్టారని పిల్లలను వరసగా నిలబెట్టి తిట్టాను కూడా. రాత్రి ఇంట్లో మళ్ళీ పేపర్లు చూస్తుంటే అప్పుడు వెలిగింది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేశారు. సున్నాలోంచి ఆరు పోదు కాబట్టి ఆరు అలాగే దించేశారు. ఏ వరసలో చూసినా పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయడమే వాళ్ళకు తెలుసు. పై అంకె దగ్గర అప్పు తెచ్చుకోవాలన్నది వాళ్ళకు ఎక్కలేదు. నా పేపర్లలో ఏడాది పొడవునా నేనిచ్చినవన్నీ 487లోంచి 163 లాంటివే. తెలిసి ఇచ్చానా, తెలియక ఇచ్చానా అంటే ఇప్పటికీ ఖచ్చితంగా చెప్పలేను. పిల్లలు పాసవుతుంటే నాకూ బాగానే ఉండేది.

మీరు ఆ 31 మందిలో ఒకరి తల్లి అయ్యుంటే, నా పేపరు మీద పదికి తొమ్మిది చూసి సంతోషపడేవారు. బయటి పేపరు రాకపోతే ఆ పిల్లలు అలాగే ఆరో తరగతికి పోయేవాళ్ళు.

ఇంకో సంగతి గమనించండి. నాకు బుద్ధి చెప్పింది మార్కు కాదు, 365 అన్న తప్పు జవాబు. "లెక్కలు 10కి 4" అని ప్రోగ్రెస్ కార్డులో రాసి పంపితే తల్లికి తెలిసేదేమీ లేదు, టీచరుకూ తెలియదు. మన దగ్గర జరుగుతున్న తప్పంతా ఇక్కడే. పరీక్ష పెడతారు, దిద్దుతారు, మార్కు ఆన్‌లైన్‌కి ఎక్కిస్తారు, పేపరు మూలన పడుతుంది. సోమవారం కొత్త పాఠం మొదలవుతుంది. ఎఫ్‌ఏ 50 మార్కులకు ఉన్నప్పుడు అందులో 20 లఘు పరీక్షకు, మిగతా 30 పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పనులకు. ఆలోచన మంచిదే. అమలు ఎలా జరిగిందంటే, అంగట్లో కొన్న గైడు చూసి ఎక్కించిన ప్రాజెక్టులకు పదికి పది వేసి పంపాం. ఆ జాబితాల కింద సంతకం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

పాప కడుపునొప్పి దగ్గరికి వద్దాం. మీ బడిలో ఎంతమంది టీచర్లున్నారో మీరు రాయలేదు. అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది అదే. ఒకే పేపరు, ఒకే రోజు అంటే అందరికీ ఒకే క్యాలెండరు అని కూడా అర్థం. ఫలానా నెలకు ఫలానా పాఠాలు అయిపోయి ఉండాలి. పట్నంలో తరగతికొక టీచరున్న బడిలో అది అవుతుంది. ఒకరే టీచరు ఐదు తరగతులనూ వరండాలో, గదిలో విడగొట్టి కూర్చోబెట్టి చెప్పే బడిలో అవదు. ఆ టీచరు ట్రైనింగ్‌కి పోయినా, సెలవు పెట్టినా, ఎలక్షన్ డ్యూటీ పడినా ఆ నెల పాఠం వెనకబడుతుంది. ప్రశ్న మాత్రం టైముకు వస్తుంది. చెప్పని పాఠంలోంచి ప్రశ్న వస్తే నాలుగో తరగతి పిల్ల ఏమనుకుంటుంది? టీచరు చెప్పలేదని అనుకోదు, తనకే రాదనుకుంటుంది. నేను చూసిన కడుపునొప్పుల్లో చాలావాటికి మూలం అది. 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలని చట్టం షెడ్యూలులో ఉంది. మీ బడిలో అంతమంది టీచర్లు లేకపోతే మీ సంతకాలు పోవాల్సింది దానికోసం. సెక్షన్ 32 కింద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే మూడు నెలల్లో తేల్చాలి, ఆ నిర్ణయం మీకు న్యాయంగా అనిపించకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి అప్పీలుంది.

సిలబస్ ఒకటే ఉండడం వేరు, అందరూ ఒకే రోజు ఒకేచోట ఉండాలనడం వేరు. ఈ తేడా నాకు పుస్తకాల్లో దొరకలేదు, మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లె బళ్ళలో దొరికింది. ఒకసారి శిక్షణకు పంపారు. ఒకే గదిలో నాలుగైదు తరగతుల పిల్లలు. పాఠమంతా కార్డుల మీద ఉంటుంది, ఒక్కో రకం కార్డు మీద ఒక్కో జంతువు బొమ్మ. గోడ మీద నిచ్చెన లాంటి పటం. పిల్ల వచ్చి పటంలో తానెక్కడుందో చూసుకుని, ఆ బొమ్మ ఉన్న కార్డు తీసుకుని కూర్చుంటుంది. కొన్ని మెట్ల తర్వాత పరీక్ష కార్డు వస్తుంది. దాని పేరు పరీక్ష అని ఎవరూ అనరు, అదీ ఒక మెట్టే. రాకపోతే సాయానికి ఇంకో కార్డు, తర్వాత మళ్ళీ పైమెట్టు. వారం జ్వరంతో మానిన పిల్ల తిరిగొచ్చి తాను వదిలిన మెట్టు దగ్గరే మొదలుపెట్టింది. పక్కపిల్ల రెండు మెట్లు ముందుందని ఆ గదిలో ఎవరికీ పట్టలేదు. నిచ్చెన అందరికీ ఒకటే, తేదీ మాత్రం ఎవరిది వాళ్ళది. ఈ పద్ధతినే కర్ణాటక వాళ్ళు నలి–కలి పేరుతో, తమిళనాడు వాళ్ళు ఏబీఎల్ (యాక్టివిటీ బేస్డ్ లెర్నింగ్) పేరుతో సర్కారు బళ్ళలోకి తీసుకెళ్ళారు. మన పక్కనే పుట్టినదాన్ని చూడ్డానికి పక్క రాష్ట్రాల టీచర్లు బస్సులెక్కి వచ్చారు. మనవాళ్ళకు మాత్రం పెరటి చెట్టు మందుకు పనికిరాలేదు.

సిలబస్ పైనుంచి ఊడిపడితే ఏమవుతుందో ఈమధ్యే చూశాం కూడా. 2022–23లో రాష్ట్రంలో 1000 సర్కారు బళ్ళకు సీబీఎస్‌ఈ గుర్తింపు తెచ్చారు. ఊళ్ళల్లో ఫ్లెక్సీలు కట్టారు. పిల్లలను, తల్లిదండ్రులను అడిగిందెవరు? 2024 సెప్టెంబరులో, ఆ పద్ధతి పరీక్షలో పిల్లలు వెనకబడ్డారని తేలాక, పదో తరగతి వాళ్ళను మళ్ళీ స్టేట్ బోర్డుకే మార్చారు. మార్చికి పరీక్షలు పెట్టుకుని సెప్టెంబరులో మార్పు. ఆ పిల్లల టెన్షన్ ఊహించుకోండి. కానీ ఇక్కడా ఒకటి గమనించాలి. వాళ్ళకు సంగతి ముందే చెప్పింది కూడా ఒక పరీక్షే. అది లేకపోతే మార్చిలో బోర్డు హాల్లో తెలిసేది.

ఇంకొక మాట, కోపగించుకోవద్దు. సర్కారు బడిలో ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు, రెండు ఎస్‌ఏలు (సమ్మేటివ్ అసెస్‌మెంట్ అనే పెద్ద పరీక్షలు) పెడితే పిల్లలు నలిగిపోతున్నారంటాం. వారం వారం టెస్టు పెట్టి ర్యాంకు మెసేజ్ పంపే ప్రైవేటు బడికి మాత్రం ఉన్న ఆవును అమ్మి ఫీజు కడతాం. మీ ఊరి సంతకాల్లో ఆ రకం వాళ్ళు ఎంతమంది ఉన్నారో చూసుకోండి. వాళ్ళు సగంలో వదిలేస్తారు.

ఇప్పుడు చేయాల్సిన పని. ఆ విద్యాహక్కు చట్టంలోనే సెక్షన్ 24 అని ఒకటుంది, ఎవరూ చదవరు. టీచరు చేయాల్సిన పనులు అందులో ఉన్నాయి. ప్రతి పిల్ల నేర్చుకునే శక్తిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా చెప్పాలని ఉంది. తల్లిదండ్రులతో క్రమంగా సమావేశాలు పెట్టి హాజరు, చదువు, పురోగతి వివరించాలని ఉంది. కాబట్టి మీరు వెళ్ళి అడగాల్సింది "పరీక్ష ఎందుకు పెట్టారు?" అని కాదు. "పాప ఏ ప్రశ్న తప్పు చేసింది, దానికి ఈ వారం మీరేం చేస్తారు?" అని. గొడవగా కాదు, మామూలుగా అడగండి. ఇప్పుడిచ్చే అసెస్‌మెంట్ పుస్తకం బడిలోనే పెట్టుకుంటారు, ఇంటికివ్వరు. ఇవ్వకపోయినా చూపించమనండి. మీ ముందే తిప్పి చూపించమనండి. మార్కు వదిలేసి తప్పు జవాబులు మాత్రం ఒక కాగితం మీద రాసుకోండి.

కమిటీ సంగతి కూడా. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మన దగ్గర తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటారు. మినిట్స్ పుస్తకం ఇంటికి పంపి, సంతకాలు మాత్రం పెట్టించుకునే బళ్ళు నాకు తెలుసు. సంతకం పెట్టేముందు పైన ఏం రాశారో చదవండి. ఖాళీ పేజీ కింద సంతకం పెట్టొద్దు. ఈసారి సమావేశంలో రెండు తీర్మానాలు రాయించండి. పరీక్ష అయిన పది రోజుల్లో దిద్దిన పుస్తకాలు తల్లిదండ్రులకు చూపించాలని ఒకటి. అప్పటికి ఆ తరగతిలో ఏ పాఠాలు చెప్పారో, ఏవి మిగిలాయో పరీక్షకు ముందే నోటీసు బోర్డు మీద పెట్టాలని రెండోది. ఈ రెండోదానికి టీచరు కూడా లోపల్లోపల సంతోషిస్తారు. ఒక్కరే ఐదు తరగతులు లాగుతున్న సంగతి కాగితం మీద ఎక్కుతుంది, పైవాళ్ళు అడిగినప్పుడు చూపించడానికి ఆమెకూ ఒక ఆధారం దొరుకుతుంది. మన మాట, ఊరి మాట రాస్తే తప్పు పెడుతున్నారనిపిస్తే ఆ జవాబు ఫొటో తీర్మానానికి జతచేసి ఎంఈఓకి (మండల విద్యాధికారికి) పంపండి. ఉర్లగడ్డకు మార్కు ఇప్పించడం మండలం స్థాయిలోనే అయిపోయే పని.

ఇంట్లో మీరొక్కరే చేయగలిగేది ఇంకొకటుంది. బడిలో రెండో తరగతి తెలుగు వాచకం అడిగి తెచ్చి, పాప చేత ఒక పేజీ చదివించండి. తడుముకోకుండా చదివితే సమస్య పాఠాల్లో ఉంది. చదవలేకపోతే అన్ని పేపర్లలోనూ తప్పు ఒకటే, ప్రశ్న చదవలేకపోవడం. లెక్కల పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉంటాయి. అదే లెక్కను ఒకసారి ఈ పేజీలో, మర్నాడు ఆ పేజీలో చేయించి చూడండి. తెలుగులో చేసి ఇంగ్లీషులో ఆగిపోతే పాపకు లెక్కలు వచ్చు, మీరు టీచరును అడగాల్సింది ఇంగ్లీషు గురించి. చదివేటప్పుడు పక్కన కూర్చోండి, దిద్దొద్దు. ఫోన్ చేతిలో పెట్టుకోవద్దు.

సమావేశం ఎప్పుడుందో కనుక్కుని, ఆలోపు పాప తప్పు చేసిన జవాబులు ఓ నాలుగైదు ఇక్కడ రాయండి. లెక్కలవైతే పాప వేసిన అంకెలు ఉన్నదున్నట్టు పెట్టండి, కొట్టివేతలతో సహా. బడి పేరు, పాప పేరు అక్కర్లేదు. అలాగే బడిలో టీచర్లు ఎంతమంది, పిల్లలు ఎంతమంది అన్నది కూడా.